గాలిలో పూలు కట్టిన లచ్చమ్మ

రెండు వేల ఇరవై మూడు జనవరి. నాంపల్లిలో ఎగ్జిబిషన్ నడుస్తున్న రోజులు. మా నర్సింగ్ హోమ్ ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే ఒక సందులో ఉంటుంది. కింద మందుల షాపు, పైన రెండంతస్తుల్లో వార్డులు. పై అంతస్తు కిటికీలోంచి చూస్తే వరసగా నీళ్ళ ట్యాంకులు, వాటి వెనక జెయింట్ వీల్ పైభాగం కనిపిస్తాయి. పగలు అది తిరగదు. మంచు పూర్తిగా విడవని పొద్దుటి ఎండలో ఆ చక్రం ఎవరో గీసి, చెరపడం మరిచిపోయిన బొమ్మలా ఉండేది. మంచం మంచానికీ తిరిగి రోగుల్ని చూసే రౌండ్స్ మొదలుపెట్టే ముందు కాసేపు ఆ కిటికీ దగ్గర నిలబడటం నాకు అలవాటు. "మేడం మళ్ళీ ఎగ్జిబిషన్‌కి పోయింది" అని నర్సులు నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇతరుల నాడి చూసేవాళ్ళకు తమకంటూ ఒక కిటికీ ఉండాలి.

నేను పెద్దవయసు వాళ్ళకు వైద్యం చేసే డాక్టర్ని. జెరియాట్రిక్స్ అంటారు మా శాఖను. మా నాన్న ప్రభుత్వ ఉద్యోగం కోసం తెనాలి నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. నేను నాంపల్లిలోనే పుట్టి పెరిగాను. ఇంట్లో ఒక తెలుగు, గడప దాటితే ఇంకో తెలుగు. రెండూ నావే అనుకుంటాను. రెండు వైపులవాళ్ళూ నన్ను చూసి నవ్వుతారు.

ఈ శాఖలో చిక్కేమిటంటే చదువు అయిపోయిందని ఎప్పుడూ అనుకోవడానికి లేదు. నేను కళ్ళు మండేలా చదివి పరీక్ష పాసైన లావుపాటి పుస్తకం, అదే ఎడిషన్, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో కనిపించింది. చేతిలోకి తీసుకున్నాను. "అది పాతదైపోయింది మేడం, కావాలంటే అగ్గువకిస్తా" అన్నాడు అమ్మేవాడు. నాకు నవ్వొచ్చింది, కొంచెం రోషమూ వచ్చింది. కానీ అతనన్నది నిజం. డెబ్బై దాటినవాళ్ళకు షుగర్ ఎంత పట్టుగా అదుపు చేయాలి, ఏ నిద్రమాత్ర జోలికి పోకూడదు, జ్వరం తగ్గాక ఎన్నాళ్ళు పడుకోబెట్టాలి, వీటికి ఆ పుస్తకంలో ఉన్న జవాబులు చాలావరకు మారిపోయాయి. "పడుకోబెట్టండి, విశ్రాంతి ఇవ్వండి" అని నేర్చుకున్న తరం మాది. "లేపి కూర్చోబెట్టండి, నడిపించండి" అంటున్నారు ఇప్పుడు.

అందుకని బుధవారం మధ్యాహ్నాలు మా దగ్గర జర్నల్ క్లబ్ ఉంటుంది. పేరు గొప్ప. చేసేదల్లా, ఎవరో ఒకరు కొత్తగా వచ్చిన పరిశోధనా పత్రం ఒకటి చదువుకొచ్చి మిగిలినవాళ్ళకు చెప్పడం. ఫిజియోథెరపీ గదిలో కూర్చుంటాం. పత్రం ఇంగ్లిషులో ఉంటుంది, వాదన తెలుగులో జరుగుతుంది, చాయ్ మాత్రం ఉర్దూలో వస్తుంది. ఆ వారం నా వంతు. వార్డు చూసుకునే సిస్టర్ సుగుణ ఎప్పటిలాగే నాకెదురుగా కూర్చుంది. ఆమె ఒప్పుకుంటే తప్ప మా వార్డులో ఏ పరిశోధనా అమలు కాదు.

నేను చెప్పిన విషయం డెలీరియం. ఒంట్లో వచ్చిన జబ్బు దెబ్బకు మెదడు తాత్కాలికంగా తడబడటాన్ని అలా అంటాం. పెద్దవయసులో జ్వరం, ఆపరేషన్, ఒక కొత్త మందు, చివరికి నాలుగు రోజుల మలబద్ధకం కూడా దాన్ని తేగలవు. అందరికీ తెలిసింది అరిచే రకం. రోగి సెలైన్ గొట్టం పీకేస్తాడు, కొడుకును దొంగ అంటాడు, ఇంటికి పోతానని మంచం దిగుతాడు. ఆ రోజు నేను చదివింది రెండో రకం గురించి. హైపోయాక్టివ్ డెలీరియం. ఇందులో మనిషి అరవడు. లోలోపలికి దిగిపోతాడు. నిద్రో మెలకువో తెలియకుండా కలలో ఉన్నట్టు పడి ఉంటాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టడు కాబట్టి ఎవరూ డాక్టర్ని పిలవరు. అందుకే ఎక్కువగా మన కళ్ళు తప్పించుకునేదీ, నష్టం చేసేదీ ఇదేనని కొత్త పత్రాలు మళ్ళీ మళ్ళీ చెప్తున్నాయి.

సుగుణ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"అరిసేటోళ్ళకు ఒక పేరు పెట్టిన్రు, సరే మేడం. సప్పుడు లేకుంట పండుకున్నోళ్ళకు గూడ జబ్బు పేరు పెడితే మేమెట్ల బతకాలె? వార్డుల ఉన్న ఒక్క మంచి పేషెంటు గూడ పాయె!"

అందరం నవ్వాం. దీనికి మందేమిటని ఆమే అడిగింది. గట్టి మందు లేదని చెప్పాను. కారణం వెతికి సరిచేయాలి. కళ్ళద్దాలు, చెవి మిషన్ పెట్టాలి. పగలు వెలుతురు, రాత్రి నిద్ర చూడాలి. అనవసరపు గొట్టాలు తీసేయాలి. లేపి కూర్చోబెట్టాలి, తెలిసిన మనుషులతో మాట్లాడించాలి. ఇవన్నీ డెలీరియం రాకుండా ఆపడానికి బాగా పనికొస్తాయని పరిశోధన గట్టిగానే చెప్తుంది. వచ్చేశాక ఎంతవరకు తిప్పి తెస్తాయన్న దగ్గర మాత్రం అంత గట్టిగా మాట్లాడదు. ఈ రెండో వాక్యం గుర్తుంచుకోండి. తర్వాతి సోమవారం నా గుండెల మీద కూర్చున్నది అదే.

శని, ఆదివారాలు విజయవాడలో మా పిన్నిగారింట్లో పెళ్ళి. సోమవారం పొద్దున నేను వచ్చేసరికి సుగుణ మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"మేడం, మీరు మొన్న సదివింది అచ్చొచ్చింది. ఆ మంచి పేషెంటు వచ్చింది."

ఆమె పేరు లక్ష్మమ్మ. లచ్చమ్మ అంటేనే తెలుస్తుంది. డెబ్బై ఐదు పైబడి ఉంటాయి. కల్వకుర్తి వైపు పల్లె నుంచి పెళ్ళైన కొత్తలో మొగుడితో కూలికి వచ్చి, ఆ తర్వాత నాంపల్లి స్టేషన్ దారిలో పూలబుట్ట పెట్టుకుంది. మొగుడు పోయినా బుట్ట పోలేదు. శుక్రవారం మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో, పెద్ద జ్వరంతో తెచ్చారు. ఆ సాయంత్రం ఇంటికి పోతానని కేకలు పెట్టి సెలైన్ లాగేసిందట. డ్యూటీలో ఉన్న డాక్టరు నిద్ర పట్టడానికి ఒక మాత్ర రాశాడు. మాత్ర సాగుతూనే ఉంది. సోమవారానికి జ్వరం లేదు. రక్తపరీక్షలు బాగుపడ్డాయి. కాగితాల మీద లచ్చమ్మ కోలుకుంటోంది. మంచం మీద లచ్చమ్మ వెళ్ళిపోతోంది.

గదిలో కిటికీ తెర దించి ఉంది. చుట్టూ బంధువులు, అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దామె చెంచాతో పాలు పోస్తుంటే అవి పెదవి చివరనుంచి కారిపోతున్నాయి. లచ్చమ్మ కళ్ళు సగం మూసి ఉన్నాయి. చేతులు మాత్రం గుండెల మీద గాలిలో కదులుతున్నాయి. ఎడమచేతి వేళ్ళు లేని పువ్వుల్ని రెండేసి తీసి పక్కపక్కన పెడుతున్నాయి. కుడిచేయి లేని దారాన్ని చుట్టి, ముడి వేసి, బిగించి లాగుతోంది. మళ్ళీ రెండు పూలు. మళ్ళీ ముడి. ఎక్కడా తడబాటు లేదు. కాసేపు చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్తున్నాను, కొంతసేపటికి నాకూ ఆ దండ కనిపించడం మొదలైంది. పొట్ట మీదుగా దుప్పటి మీదకి, దుప్పటి మీదనుంచి మంచం కిందకి తెల్లగా పెరుగుతోంది. ఆ గదిలో అందరికంటే ప్రశాంతంగా ఉన్నది ఆమే.

"నిన్నటికెల్లి గిట్లనే కడ్తున్నది మేడం" అంది కూతురు యాదమ్మ. ఒక బడిలో ఆయాగా చేస్తుంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. "చేతులు గాలిల ఏరుకుంటే పైనోళ్ళు పిలుస్తున్నట్టట. మా పెద్దవ్వ అన్నది."

కొడుకు నర్సింహ ముందుకొచ్చాడు. బేగం బజార్‌లో సరుకుల ఆటో నడుపుతాడు. గట్టి మనిషి, కానీ మాట గట్టిగా రావడం లేదు.

"మేడం, జర బిల్లు చెయ్యిన్రి. ఊరికి తీస్కపోతం. బండి చెప్పిన, మూడింటికొస్తది."

"ఎందుకు నర్సింహా? జ్వరం తగ్గింది కదా."

"మా నాయిన గీ పట్నంలనే దవాఖానల పోయిండు. గప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకొని మాట తీసుకున్నది, నా పాణం మాత్రం ఊర్లె పోవాలెరా అని. పొద్దుగాలనే నా భార్యను బస్సెక్కిచ్చిన, ఇల్లు ఊడ్సి అలుకుమని."

అతన్ని తప్పుపట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆ చేతులు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. పక్కబట్టలు ఏరుకోవడం, గాలిలో దేన్నో పట్టుకోవడం చావుకు గుర్తని వెనకటి వైద్యులూ రాశారు. ఇప్పుడు మేం దాన్ని డెలీరియం గుర్తుల్లో ఒకటిగా చదువుతాం. ఎటొచ్చీ, ఒక్కోసారి రెండూ నిజమే అవుతాయి.

మంచం మీద కూర్చుని "లచ్చమ్మా!" అని గట్టిగా పిలిచాను. కళ్ళు తెరిచింది. నన్ను దాటి వెనక గోడను చూసింది. నా వేలు పట్టుకోమన్నాను, పట్టుకోలేదు. నా వేలిని కూడా ఒక పువ్వనుకుని పక్కన పెట్టింది. అప్పుడు ముఖం దగ్గరగా చూశాను. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. ముక్కు మీద అటూ ఇటూ రెండు నొక్కులు, ఏళ్ళ తరబడి అద్దాలు కూర్చున్న చోట.

"అద్దాలు పెట్టుకుంటుందా మీ అమ్మ?"

"పెట్టుకుంటది మేడం. అవి లేకుంటే మనిషే కానరాదు" అంది యాదమ్మ.

"ఏవి మరి?"

"ఇంట్ల బీరువల ఉన్నయ్. చేర్పిచ్చిన్నాడే పోగులు, ముక్కుపుడక, మెడల గుండ్లు, అద్దాలు, పండ్లసెట్టు, చెవుల మిషిని, అన్ని ఒక్క మూట గట్టి లోపట పెట్టినం. దవాఖానల ఏమన్న పోతే మల్ల దొర్కది గదా."

"చెవి మిషన్ కూడానా?"

"అది బంగారమంత పిరం మేడం!"

దవాఖానాకు పోయేటప్పుడు ఒంటి మీద ఉన్నవన్నీ తీసి ఇంట్లో పెట్టడం మన దగ్గర ఎవరూ చెప్పక్కర్లేని పద్ధతి. మా రిసెప్షన్ గోడ మీద కూడా పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, విలువైన వస్తువులు వెంట ఉంచుకోవద్దని. వాళ్ళు దాన్ని పూర్తిగా పాటించారు. లచ్చమ్మ కళ్ళు, చెవులు, పళ్ళు ఇంట్లో భద్రంగా తాళం వేసి పెట్టి, మిగిలిన లచ్చమ్మను మాకు అప్పగించారు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. అంత జాగ్రత్త చేసిన చేతుల మీద ఏమని కోపగించుకుంటాం?

"ఎవరైనా వెళ్ళి తీసుకురండి, ఇప్పుడే" అన్నాను.

అన్నాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బీరువా తాళంచెవి నర్సింహ భార్య దగ్గర ఉంది. ఆమె కల్వకుర్తి బస్సులో ఉంది.

నేను నర్సింహను వరండాలోకి తీసుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ అమ్మ చనిపోతున్నట్టు నాకు అనిపించడం లేదు. జ్వరం, ఆ నిద్రమాత్ర, పైపులు, చీకటి గది, చూపూ వినికిడీ లేకపోవడం, అన్నీ కలిసి ఆమెను ఒక కలలోకి తోశాయనుకుంటున్నాను. ఒక్కొక్కటీ తీసేస్తే బయటికి రావచ్చు. ఒక్క రోజు ఆగు.

"వస్తదని గ్యారంటీ ఇస్తరా మేడం?"

"ఇవ్వలేను."

"గియ్యాల తీస్కపోకుంటే, రేపు నడిదారిల పాణం పోతే? మాట తప్పినోన్నైత గదా. అవ్వకు మల్ల ఏం చెప్పుకోవాలె?"

నాకు భయమేసింది. ఇన్నేళ్ళ అనుభవంలో రోగి పోతాడేమోనని భయపడ్డాను, నా మందు వికటిస్తుందేమోనని భయపడ్డాను. ఒక మనిషికి ఆమె కోరుకున్న చావును నా చదువు చెడగొడుతుందేమోనన్న భయం మాత్రం కొత్తది. బుధవారం నేనే చదివి వినిపించిన ఆ వాక్యం గుర్తొచ్చింది. వచ్చేశాక ఎంతవరకు తిప్పి తెస్తాయో గట్టిగా చెప్పలేం.

"మూడింటికి కదా బండి వచ్చేది? అప్పటిదాకా మా పని మమ్మల్ని చేయనీ" అన్నాను. అతను తల ఊపాడు. ఒప్పుకున్నాడో, అలిసిపోయాడో తెలియలేదు.

సుగుణ అప్పటికే పని మొదలుపెట్టింది. తెర లాగేసరికి ఎండ మంచం మీద పడింది. మందుల చీటీలో నిద్రమాత్ర కొట్టేశాను. మూత్రం పైపు అవసరం తీరిపోయింది కాబట్టి తీయించాను. మంచం తల వైపు ఎత్తి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. "పండుకున్నోళ్ళ నోట్ల పాలు పొయ్యొద్దు పెద్దమ్మా, ఊపిరితిత్తులల్లకు పోతయ్" అని సుగుణ పెద్దామె చేతిలోంచి చెంచా మర్యాదగా తీసుకుంది. చుట్టాలందర్నీ చాయ్ తాగి రమ్మని కిందికి పంపింది. గదిలో యాదమ్మ ఒక్కతే మిగిలింది.

చెవి మిషన్ లేదు. ఉన్నదాంతో సరిపెట్టుకోవాలి. నా మెడలోని స్టెతస్కోపు తీసి, దాని రెండు కొసలూ లచ్చమ్మ చెవుల్లో పెట్టాను. గుండె మీద ఆనించే బిళ్ళను యాదమ్మ నోటి దగ్గర పట్టుకున్నాను. వినికిడి తగ్గినవాళ్ళతో మాట్లాడటానికి ముసలివాళ్ళ డాక్టర్లు వాడే పాత కిటుకు ఇది. అరవక్కర్లేదు. మామూలుగా మాట్లాడితే చాలు.

"ఏం మాట్లాడాలె మేడం?"

"ఇంట్లో ఎలా పిలుస్తావో అలా పిలువు."

ఆమె ఆ బిళ్ళలోకి వంగింది. "అవ్వా... నేను యాదమ్మను."

చేతులు ఆగాయి. సగం వేసిన ముడి గాలిలో అలాగే ఉండిపోయింది.

"అవ్వా, గిటు సూడు. నేను."

లచ్చమ్మ పెదవులు తడిచేసుకుంది. ఎక్కడినుంచో, చాలా దూరం నుంచి వచ్చినట్టు గొంతు వచ్చింది. "యాదీ... గంత దూరంల నిలవడ్డవేందే? దగ్గరికి రా."

యాదమ్మ వంగి తల్లి ఒళ్ళో తల పెట్టేసింది. సుగుణ కిటికీ వైపు తిరిగి తెరను మళ్ళీ సర్దింది, అది సరిగ్గానే ఉన్నా.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! నర్సింహను పిలుచుకొచ్చేసరికి లచ్చమ్మ మళ్ళీ కలలోకి దిగిపోయింది. చేతులు మళ్ళీ పూలు కడుతున్నాయి. డెలీరియం స్వభావమే అంత. ఒక గడియ పైకి తెస్తుంది, మరు గడియ ముంచుతుంది. యాదమ్మ ఎంత చెప్పినా అతను నమ్మలేదు. "మీరంత నన్ను ఓదారుస్తున్రు" అన్నాడు. రెండు దాటింది. యాదమ్మ, నేను, సుగుణ వంతులవారీగా ఆ బిళ్ళలో మాట్లాడుతూనే ఉన్నాం. చామంతుల ధర అడిగాను. వాన పడుతుందేమోనన్నాను. జవాబు లేదు. కింద సందులో ఒక బండి హారన్ మోగింది. అన్న చెప్పిన బండేమోనని యాదమ్మ ఉలిక్కిపడింది.

అప్పుడు నర్సింహ వచ్చి స్టెతస్కోపు నా చేతిలోంచి తీసుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని బిళ్ళలోకి అన్నాడు.

"అవ్వా, నేను నర్సిగాన్ని. ఊరికి పోదమా? బండి వచ్చింది. నీకు మాటిచ్చిన గదా."

చేతులు ఇంకో రెండు ముళ్ళు వేశాయి. తర్వాత లచ్చమ్మ నుదురు ముడిపడింది. కళ్ళు తెరవకుండానే, బాగా చిరాగ్గా అంది.

"ఊరెందుకురా? రేపు శుక్కురారం. బేరం ఎవలు సూస్తరు, నీ అయ్యనా?"

ఆ రోజు సోమవారం. వారం తప్పు. మొగుడు పోయిన సంగతీ గుర్తున్నట్టు లేదు. డాక్టరుగా చూస్తే రెండూ మంచి గుర్తులు కావు. కానీ శుక్రవారం బేరం పోతుందని విసుక్కునే మనిషి చావుకు సిద్ధపడి లేదని నాకూ తెలిసింది, నర్సింహకూ తెలిసింది. అతను అలా నేల మీదే కూర్చుని ఏడుపూ నవ్వూ కలిసిపోయిన ముఖంతో జేబులోంచి ఫోన్ తీశాడు.

"యాడున్నవ్? మల్ల బస్సెక్కు. ఎక్కి వాపస్ రా... ఏం గాలే. ఇల్లు అలుకుడు వద్దు. బీరువ తాళం తీస్కొని సీదా ఇంటికి పో, ఆ మూట దవాఖానకు తే... అవ్వ తిడుతున్నది."

చీకటి పడ్డాక మూట వచ్చింది. బంగారం పక్కన పెట్టి ముందు అద్దాలు తుడిచి పెట్టారు. తర్వాత పళ్ళు. చివరికి చెవి మిషన్, కీచుమని ఒకసారి అరిచి సర్దుకుంది. ఆ మిషన్ గురించి యాదమ్మ అప్పుడు చెప్పింది. బేరాలు వినపడటానికి పెట్టుకుంటుందట, ఎవరైనా మరీ తక్కువకు అడిగితే చెవిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంటుందట. సుగుణకు ఆ ముక్క ఎంత నచ్చిందంటే, నాతో మాట పడినప్పుడల్లా ఇప్పటికీ చెవి మీద చేయి పెట్టి చూపిస్తుంది.

తర్వాతి రోజులు నెమ్మదిగా నడిచాయి. పొద్దున తేటగా ఉండేది, మధ్యాహ్నానికి మసకబారేది. కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళం. జెయింట్ వీల్‌ను చూసి "అది తిరుగుతలేదా, నాకే తిరుగుతలేనట్టు కొడుతుందా?" అని అడిగింది ఒకసారి. పగలు తిరగదని చెప్తే ఊపిరి పీల్చుకుంది. ధ్యాస ఎంత నిలుస్తోందో కనుక్కోవడానికి వారాల పేర్లు వెనకనుంచి చెప్పించడం ఒక పరీక్ష. అడిగాను. "ముందటికెల్లి చెప్పుడే మాకు తెల్సు బిడ్డా, వారాలు వెనకకు నడుస్తయా?" అంది. పత్రాల్లోని పరీక్షలు ఎవరి కోసం రాశారో గానీ, బడి గడప తొక్కని లచ్చమ్మ కోసం రాయలేదు. యాదమ్మను చామంతులు, దారం తెమ్మన్నాను. మొదటి రోజు కట్టిన దండ పైకెత్తగానే పూలన్నీ జలజలా రాలాయి. ముడి పడలేదు. ఆమె వాటిని చాలాసేపు చూస్తూ కూర్చుంది. నాకు చూడబుద్ధి కాలేదు. మర్నాడు సగం నిలిచింది. ఇంకో రోజుకు దండను పట్టి గుంజినా ఒక్క పువ్వు రాల్లేదు. నా పరీక్షలో ఆమె పాసైంది, నాకు తెలిసిన ఏ పరీక్షకన్నా అది నమ్మకంగా అనిపించింది. వార్డంతా చామంతి వాసన. పక్క మంచాలవాళ్ళు మూర ఎంతని అడగడం మొదలుపెట్టారు.

ఇంటికి పంపే రోజు నేను ఆమె పక్కన కూర్చున్నాను. నర్సింహ, యాదమ్మ సామాను సర్దుతున్నారు. డెలీరియం నుంచి బయటపడ్డవాళ్ళు అందులో ఏం చూశారో అడిగి తెలుసుకోవాలని ఈమధ్య చదివిన దాంట్లో ఉంది. చాలామంది దాన్ని ఎవరికీ చెప్పుకోలేక లోపల పెట్టుకుని భయపడతారట. అందుకే అడిగాను.

"మొన్న పడుకుని ఉన్నప్పుడు నీకేమైనా గుర్తుందా పెద్దమ్మా?"

ఆమె కాసేపు తన చేతుల్ని చూసుకుంది.

"అంత తెల్లగ పొగ లెక్క ఉండె బిడ్డా. మనుషులు వచ్చిన్రు. సుట్టు నిలవడ్డరు. మూతులు కదిపిన్రు, సప్పుడు లేదు. మొకాలు గూడ లెవ్వు. ఓహో, సచ్చిపోయిన్నేమో అనుకున్న."

సామాను సర్దుతున్న చేతులు ఆగాయి.

"భయమేసిందా?"

"భయమేం గాలే. సల్లగనే ఉండె. ఊకె పండుకునుడెందుకని పూలు కట్టుకుంట ఉన్న. గని ఒక్కటే దుఃఖమాయె."

"ఏంటది?"

"బతికున్నప్పుడు నాంపల్లి తొవ్వల పొయ్యేటోళ్ళంత 'ఏం లచ్చమ్మా' అని పలకరిస్తుండ్రి. సచ్చినంక ఒక్కలు గూడ పలకరిస్తలేరేంది, నా పిల్లలు గూడ, అని."

నర్సింహ గోడ వైపు తిరిగాడు. యాదమ్మ వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. వాళ్ళు ఆ మూడు రోజులూ ఆమె మంచం వదల్లేదు, పిలుస్తూనే ఉన్నారు. ఆ సంగతి ఆమెకు చెప్పాలో వద్దో వాళ్ళకు తెలియలేదు. నేనే చెప్పాను, అద్దాలలోంచి ఆమె కళ్ళలోకి చూస్తూ, మిషన్ ఉన్న చెవి దగ్గర. లచ్చమ్మ విని, కొడుకు వీపు వైపు చూసి, "గట్లనా? మరి జర గట్టిగ పిలువకపోతిరి" అంది.

ఆమె మళ్ళీ బుట్ట దగ్గర కూర్చుంది. అంతా మునుపటిలా ఉందని అనను. చిల్లర లెక్కలో తడబడుతుంది, సాయంత్రాలు యాదమ్మ బడి అయిపోగానే వచ్చి పక్కన కూర్చుంటుంది. డెలీరియం దాటినవాళ్ళలో కొందరికి జ్ఞాపకం పూర్తిగా తిరిగి రాదని పత్రాల్లో చదివినదే, ఇప్పుడు దాని ముఖం కూడా నాకు తెలుసు. ఊర్లోనే ప్రాణం పోవాలన్న కోరిక ఆమెకు ఇంకా ఉంది. ఆ మాట నిలబెట్టే రోజు వస్తే మేమే ముందు చెప్తామని నర్సింహకు నేను మాటిచ్చాను.

ఆమె ఇంటికి వెళ్ళిన తర్వాతి బుధవారం జర్నల్ క్లబ్‌లో కొత్త పత్రమేదీ చదవలేదు. లచ్చమ్మ చెప్పినదాన్ని ఆమె మాటల్లోనే చెప్పాను. అద్దాలు పెట్టండి, చెవి మిషన్ పెట్టండి, పేరు పెట్టి పలకరించండి అని ఇన్నేళ్ళుగా పరిశోధనలు చెప్తుంటే నేను వాటిని చేయాల్సిన పనులుగా చదివాను. ఎవరూ పలకరించకపోవడాన్నే ఒక మనిషి చావు అనుకోగలదని అప్పటిదాకా నాకు తోచలేదు. సుగుణ ఆ రోజు వాదించలేదు. లేచి వెళ్ళి, వార్డులో ఎవరి అద్దాలు ఎవరి ముక్కు మీద లేవో చూసి వచ్చింది. ఇప్పుడు రౌండ్స్‌కు వెళ్తే అరుపులు వినిపించే మంచాల దగ్గరకు డ్యూటీ డాక్టర్లు ఎలాగూ పరుగెత్తుతారు, నేను మాత్రం ముందుగా చప్పుడు లేని మంచం దగ్గరకు వెళ్ళి పేరు పెట్టి పిలుస్తాను.